ఒక్కొక్కరిని ఒక్కరిగా చేసే విద్య

"ఒక్కొక్కరు" అన్న మాట తీసుకోండి. ఒకే పదం రెండుసార్లు వచ్చింది గనుక ఒకటి అనవసరమని కొట్టివేస్తే మిగిలేది "ఒక్కరు". "అప్పుడప్పుడు" నుంచి అలాగే ఒకదాన్ని తీసివేస్తే "అప్పుడు". అర్థం తగ్గలేదు, పూర్తిగా మారిపోయింది. మన వైయాకరణులు దీనికి ఆమ్రేడితమని పేరు పెట్టి, దానికోసం ప్రత్యేకంగా సంధిసూత్రాలే వ్రాసిపెట్టారు. రెండవసారి వచ్చినది మొదటిదానికి నకలు కాదని వారికి తెలుసు. కంప్యూటరు పట్టికలను "శుభ్రం" చేసే పెద్దమనుషులకు మాత్రం ఈ సంగతి తెలియదు. తెలిసినా పట్టదు. ఈ టపా వారి మీద.

సంగారెడ్డికీ పటాన్‌చెరుకూ నడుమ ఉన్న కర్మాగారాల హాజరుపట్టీలు, జీతాల రిజిస్టర్లు, కాంట్రాక్టర్ల బిల్లులు ఒకచోట చేర్చి, లెక్కకు పనికివచ్చే పట్టికగా తీర్చిదిద్దడం నా ఉద్యోగం. వంటకు ముందు బియ్యంలో రాళ్ళు ఏరడం లాంటి పని. ఎవరూ మెచ్చుకోరు; రాయి పంటికింద పడ్డప్పుడు మాత్రం అందరికీ గుర్తుకువస్తాము. సాహిత్యం మాట్లాడుకునే చోట ఈ లెక్కల గోల ఏమిటని విసుక్కునే మిత్రులు కొంచెం ఓపిక పట్టాలి. ఇది పునరుక్తి గురించిన వాదం. పునరుక్తి మన సొంత సరుకు.

ముందుగా పని ఎలా జరుగుతుందో చెప్పాలి. పట్టికలో అడ్డువరుసకు ఒక మనిషి, నిలువువరుసకు ఒక వివరం: పేరు, తండ్రి పేరు, ఊరు, పుట్టిన తేదీ, కాంట్రాక్టరు, బ్యాంకు ఖాతా. వరుస తర్వాత వరుసలో అదే విలువ మళ్ళీ మళ్ళీ వస్తూంటుంది. కాగితం మీద వ్రాసే గుమాస్తా ఏం చేస్తాడు? కాంట్రాక్టరు పేరు పై వరుసలో ఒక్కసారి వ్రాసి, కింద ముప్పై వరుసలకూ రెండేసి గీతలు పెట్టి ఊరుకుంటాడు. మన దస్తావేజులలో "సదరు" అన్న మాట చేసే పనే ఆ గీతలూ చేస్తాయి. టైపు చేసేవాడికి ఆ గీతలు కొట్టే ఓపిక కూడా ఉండదు. గడులు ఖాళీగా వదిలేస్తాడు. చదివే మనిషికి ఆ ఖాళీ అంటే "పైన ఉన్నదే". యంత్రానికి ఆ ఖాళీ అంటే ఏమీ లేదు. కనుక మొట్టమొదట ఆ ఖాళీలను పై విలువతో నింపాలి. వరుసలను అక్షరక్రమంలో పెట్టడం వంటి ముచ్చట్లన్నీ ఆ తర్వాతే. ఈ క్రమం తప్పి ముందు అక్షరక్రమంలో పెట్టి ఆ తర్వాత నింపితే, ఒక కాంట్రాక్టరు కింద పనిచేసినవాడు ఇంకొక కాంట్రాక్టరు మనిషి అవుతాడు. పట్టిక చూడడానికి నిండుగా, ఒక్క ఖాళీ లేకుండా, ముచ్చటగా ఉంటుంది. అందులో ఒక్క ముక్క నిజం ఉండదు.

ఇంతకంటె పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. ఖాళీలు నింపమన్నారు గదా అని నిలువువరుసలన్నిటినీ ఒక్క ఊపులో నింపేవారు ఉన్నారు. కాంట్రాక్టరు పేరు గడి ఖాళీ అంటే "పైదే" అని అర్థం. ఫోను నెంబరు గడి ఖాళీ అంటే ఆ మనిషికి ఫోను లేదని అర్థం. రెండు ఖాళీలకూ రూపం ఒకటే. యంత్రానికి ఈ తేడా ఎవరూ చెప్పకపోతే, పైవాడి ఫోను నెంబరు కిందివారందరికీ అంటుకుంటుంది. మర్నాడు ఇంకొక తెలివైనవాడు వచ్చి, "ఒకే ఫోను నెంబరు మీద పన్నెండు మంది! ఇవన్నీ దొంగ పేర్లు" అని కనిపెడతాడు. పునరుక్తిని సృష్టించినదీ మనమే, దానికి శిక్ష వేసేదీ మనమే. ఇక ఎవరూ పొరపాటున నింపకపోయినా, ఈ ప్రాంతానికి పనికోసం వచ్చిన వలస కూలీలలో ఎందరో తమను తీసుకువచ్చిన మేస్త్రీ నెంబరునే వ్రాయిస్తారు. ఫోను నెంబరు ఒకటే కావడం అక్కడ మోసానికి గుర్తు కాదు, సొంత ఫోను లేకపోవడానికి గుర్తు.

నా వాదం చిన్నది. విలువ ఒకటే అయినంత మాత్రాన వస్తువు ఒకటే కాదు. రెండు వరుసలు ఒకేలా ఉన్నాయంటే దానికి రెండు కారణాలు ఉండవచ్చు: ఒకే మనిషిని రెండుసార్లు వ్రాసి ఉండాలి, లేదా ఇద్దరు మనుషుల గురించి మనం వ్రాసుకున్నది ఇద్దరినీ వేరుచేయడానికి చాలకపోయి ఉండాలి. మొదటిది వాళ్ళ తప్పు కావచ్చు. రెండవది కచ్చితంగా మన తప్పు. పట్టికను మాత్రమే చూస్తూ ఏది నిజమో చెప్పగలిగినవాడు ఇంతవరకు పుట్టలేదు. అయినా ప్రతిసారీ శిక్ష పడేది వరుసలో ఉన్న మనిషికే.

పేర్ల సంగతి మన తెలుగువాళ్ళకు ఒకరు చెప్పాలా? తాత పేరు మనవడికి పెట్టుకోవడం మన ఆచారం. అన్నదమ్ములు నలుగురైతే నాలుగు ఇళ్ళలో పుట్టిన పెద్దకొడుకులు నలుగురికీ ఆ ఒక్క తాత పేరే. ఇంటిపేరు ఒకటే, ఊరు ఒకటే, ఏడాది అటూ ఇటూగా వయసూ ఒకటే. ఊళ్ళో వాళ్ళను పెద్దెల్లడు, చిన్నెల్లడు, బావికాడి ఎల్లడు అని ఎవరూ తడబడకుండా పిలుస్తారు. ఆ విశేషణాలు రిజిస్టరులోకి ఎక్కవు. దరఖాస్తు ఫారంలో "బావికాడి" అని వ్రాసుకునే గడి లేదు. మెదకు సీమలో మల్లన్న భక్తి ఎంతటిదో తెలిసినవారికి, ఒక్క ఊళ్ళోనే మల్లేశాలు, మల్లయ్యలు ఎందరుంటారో వేరే చెప్పనక్కరలేదు.

పుట్టిన తేదీ కూడా అంతే. పుట్టిన సంవత్సరం తప్ప తేదీ తెలియనివారికి ఆధారులో జనవరి 1 పడుతుంది. కర్మాగారాల జాబితాలలో జనవరి 1న పుట్టినవారు ఎంతమందో చూస్తే, ఆ రోజు ప్రసూతి ఆసుపత్రులన్నీ మన జిల్లాకే తరలివచ్చాయా అనిపిస్తుంది. అటువంటి పట్టికలో ఇద్దరికీ పుట్టిన తేదీ కలిసింది అంటే ఏమీ కలవలేదనే అర్థం. ఆగస్టు 17 కలిస్తే అది వేరే సంగతి. అరుదైన విలువ కలవడానికీ, ఊరందరికీ ఉన్న విలువ కలవడానికీ ఒకే తూకం వేయరాదు. ఇది నేను కనిపెట్టినది కాదు. కెనడా గణాంక శాఖలో పనిచేసిన ఫెలెగీ, సంటర్ అనే ఇద్దరు 1969లో ఈ తూకాలకు గణితం వ్రాసిపెట్టారు. ఆ వ్యాసంలో వారు రెండు వరుసలను పోల్చినప్పుడు తీర్పులు మూడు అన్నారు: ఒకటే, వేరు, చెప్పలేము. ఆ మూడవ కుప్పను మనిషి కూర్చుని చూడాలి. ఈ విద్యకంతా పునాది అయిన గ్రంథంలోనే "చెప్పలేము" అన్న మాటకు అంత గౌరవస్థానం ఉంటే, మన ప్రాంతపు సాఫ్టువేరు శిఖామణులు దానిని హాయిగా మరిచిపోయి, ఒకటే, వేరు అని రెండు కుప్పలతో సరిపెడుతున్నారు. మూడవ కుప్పకు మనిషి కావాలి, మనిషికి జీతం కావాలి. మరపుకు కారణం అదీ.

ఇక ఈ మరపు ఎలా పనిచేస్తుందో నేను కళ్ళారా చూసినది చెబుతాను. కర్మాగారం పేరు అడగవద్దు. రాత్రి పాళీలో పనిచేసే కాంట్రాక్టు కార్మికులలో నారాయణఖేడ్ వైపు ఒకే ఊరినుంచి వచ్చినవారు ఇద్దరు. పేరు ఒకటే, తండ్రి పేరు ఒకటే. చుట్టరికం మాత్రం లేదు. పుట్టిన తేదీ ఇద్దరికీ అదే జనవరి 1, సంవత్సరమూ ఒకటే. ఇంటిపేర్లు వేరు, కాని గేటు దగ్గర వ్రాసుకున్నవాడు ఇంటిపేరు వ్రాసుకోలేదు. నేను ఇచ్చిన పట్టికలో ప్రతి మనిషికీ గేటు పాసు నెంబరు ఉంది. నగరంనుంచి వచ్చిన సలహాదారు ఆ నిలువువరుసను మొదటే తీసేశాడు. కారణమేమిటయ్యా అంటే, అందులో ఏ విలువా రెండవసారి రాదట, అందువల్ల విశ్లేషణకు పనికిరాదట! ఎవరినీ ఎవరితోనూ కలపనీయని ఒక్క వివరాన్నీ పక్కన పెట్టి, మిగిలినవి కలిశాయి గనుక ఇద్దరూ ఒకరే అన్నాడు. ఆ నెల ఒకరి జీతం పడలేదు.

"జీతం ఒక్కనికే పడ్డది సారు. మేం ఇద్దరం ఉన్నం గదా, ఇద్దరం నీ ముంగటనే నిలవడ్డం గదా" అన్నాడు అతను. నిజమే, ఇద్దరూ ఎదురుగానే నిలబడి ఉన్నారు. ఆఫీసులో మాత్రం "సిస్టంలో ఒకటే ఎంట్రీ ఉంది" అన్నారు. ఏ వరుసలు పోయాయో చూపించమని నేను అడిగాను. చూపించలేకపోయారు, ఎందుకంటే ఎవరూ దాచలేదు. తెర మీద ఇన్ని పోయాయి, ఇన్ని మిగిలాయి అని రెండు అంకెలు కనబడ్డాయట; సరే అన్న మీట నొక్కి, ఫైలు భద్రపరిచి, టీ తాగడానికి వెళ్ళారట. సలహాదారు మాత్రం తమ పద్ధతికి నూటికి తొంభైతొమ్మిది పాళ్ళ కచ్చితత్వం ఉందని నాకు ధైర్యం చెప్పాడు. ఆ మిగిలిన ఒక పాలు నూరుమందికీ సమానంగా పంచి కత్తిరించేదైతే నాకూ అభ్యంతరం ఉండేది కాదు. ఒక్కడి నెల జీతం మొత్తం పోయింది, మిగిలినవారికి పైసా తగ్గలేదు. మూడవ నెలలో డబ్బు వచ్చేసరికి అతను పని మానుకుని వెళ్ళిపోయాడు.

ఆ రెండు అంకెల సంగతి ఊరికే అనలేదు. ఎక్సెల్‌లో నకళ్ళు తొలగించే మీట 2007 సంచికతో వచ్చింది. అంతకుముందు ఈ పనికి నాలుగు తిప్పలు పడాలి. ఆ తిప్పలలో కనీసం కంటితో చూసే అవకాశం ఉండేది. ఇప్పుడు నొక్కితే మొదటి వరుసను ఉంచి తక్కినవి మాయం చేసి, ఎన్ని పోయాయో చెబుతుంది, ఏవి పోయాయో చెప్పదు. ప్రోగ్రాములు వ్రాసేవారు వాడే పాండాస్‌లోనూ అడగకపోతే ఉండేది మొదటి వరుసే. మొదటిదే ఎందుకు? దానికి సమాధానం లేదు. అక్షరక్రమంలో ముందు పడిందనో, ఆ ఫైలు ముందు కలిపారనో. ముందొచ్చినవాడు ఉన్నవాడు, వెనకొచ్చినవాడు లేనివాడు. రైలు జనరలు బోగీలో సీటుకు కూడా ఇంతకంటె మంచి న్యాయం ఉంటుంది.

ఇది ఒక కర్మాగారంతో అయిపోయే గొడవైతే నేను ఇంత ఆవేశపడి వ్రాయను. ఇదే విద్య రాష్ట్రమంత పెద్ద పట్టికల మీద ప్రయోగించారు. 2015 మార్చిలో ఎన్నికల సంఘం వోటర్ల జాబితాల "ప్రక్షాళన" కార్యక్రమం మొదలుపెట్టి, ఆధారు నెంబర్లను జతచేయబోయింది. ఆ ఆగస్టులో సుప్రీంకోర్టు ఉత్తర్వు వచ్చాక ఆధారు సేకరణ ఆపింది. తెలంగాణలో జాబితాలనుంచి అప్పటికి పోయిన పేర్లూ ఆ తరువాత పోయిన పేర్లూ పోయినట్లే ఉండగా 2018 డిసెంబరు 7న శాసనసభకు పోలింగు జరిగింది. బూతుకు వెళ్ళి పేరు లేదని తిరిగివచ్చినవారిలో బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల ఉన్నారు కనుక ఆ వార్త దేశమంతా తెలిసింది. నాటి రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి రజత్ కుమార్ క్షమాపణ చెప్పారు. పోయిన పేర్లన్నీ పునరుక్తి నెపంతో పోయినవి కావు. ఇల్లు మారారు, చనిపోయారు అన్న లెక్కలూ ఉన్నాయి. కాని "వివరాలు ఒకేలా ఉన్న పద్దులు" అన్నది ఎన్నికల సంఘం పారిభాషికాలలో ఒకటి. ఇందులో పేరు, బంధువు పేరు, వయసు పోల్చిచూస్తారు. నిబంధన ప్రకారం ఇంటికి వెళ్ళి విచారించాకే తొలగించాలి. అంటే ఆ మూడవ కుప్ప కాగితం మీద ఉన్నది. వెళ్ళవలసిన మనిషి వెళ్ళాడా అన్నదే ప్రశ్న.

ఇక రేషను కార్డులు. 2014 ఆగస్టు 19న రాష్ట్రమంతా ఒక్కరోజున ఇళ్ళల్లో కూర్చోబెట్టి సమగ్ర కుటుంబ సర్వే చేశారు. తర్వాతి సంవత్సరాలలో శాఖలవారీగా ఉన్న పట్టికలను పేరు, చిరునామాల పోలికతో ఒకదానికొకటి ముడివేసే సమగ్ర వేదిక అనే వ్యవస్థ వచ్చింది. ఇక్కడ పని కొంచెం తిరగబడింది. ఒకే పట్టికలో రెండు వరుసలు కలపడానికి బదులు, రవాణా శాఖ పట్టికలో కారు ఉన్న ఒక మనిషినీ, పౌరసరఫరాల పట్టికలో కార్డు ఉన్న ఒక మనిషినీ పేరు దగ్గరగా ఉందని ఒకరినే చేయడం. విలువ రెండుచోట్ల కనిపించింది గనుక మనిషి ఒకడే అన్న అదే తర్కం. ఈసారి పోయింది ఒక వరుస కాదు, ఒక ఇంటి బియ్యం. నోటీసు లేకుండా, ఇంటికి వచ్చి చూడకుండా, కంప్యూటరు చెప్పిందని కార్డులు తీసేశారన్న ఫిర్యాదు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2022 ఏప్రిల్‌లో కోర్టు, రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించమని రాష్ట్రాన్ని ఆదేశించింది. అందులో అనర్హులు ఎందరో ఉండి ఉంటారు, కాదనను. అయితే "ముందు తీసేసి, తరువాత వెళ్ళి చూడండి" అన్న క్రమం ఎక్కడిది? ఉరి తీశాక సాక్షుల్ని పిలిచినట్లుంది.

ఇంత నిర్దయగా వేర్వేరు మనుషులను కలిపే ఈ యంత్రం, నిజంగా ఒకటే అయినవాటిని కలపగలదా అంటే అదీ లేదు. ఈ భాగం మనవాళ్ళకు బాగా తెలుసు. మా ఊరి పేరే చూడండి: పటాన్‌చెరు, పటాన్ చెరు, పటాన్చెరు, పటంచెరు, పఠాన్‌చెరు. యంత్రం దృష్టిలో ఇవి అయిదు ఊళ్ళు. మొదటిదానిలో న్ తర్వాత కంటికి కనిపించని ఒక విడదీసే అక్షరం ఉంది. లేఖినిలో తెలుగు వ్రాయడం మొదలుపెట్టిన ప్రతివాడూ ఎప్పుడో ఒకసారి దానితో కుస్తీపట్టినవాడే. అది పొరపాటున పేరు చివర అతుక్కుంటే, తెరమీద అచ్చంగా ఒకేలా కనబడే రెండు పేర్లు యంత్రానికి వేరు. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ నిలపవచ్చు, ఎత్వమూ దానికింద ఐత్వపు గుర్తూ అని రెండుగానూ నిలపవచ్చు. "మైలారం" రెండు విధాలా వ్రాసినా కంటికి ఒకటే. ఈ ఐత్వపు చిక్కును విప్పడానికి యూనికోడ్ వారి సాధారణీకరణ పద్ధతి ఉంది. ఆ కనిపించని అక్షరాన్ని మాత్రం అది ముట్టుకోదు, మనమే చూసుకోవాలి. మన సలహాదారులు ఇవేవీ చేయరు. తెలుగు పేర్లను ఇంగ్లీషులోకి మార్చి పోలుస్తారు. అప్పుడు "వీణ"కూ "వీన"కూ తేడా పోతుంది, "బాల"కూ "బల"కూ తేడా పోతుంది. తెలుగులో వేరుగా ఉన్నవి ఇంగ్లీషులో ఒకటవుతాయి. అలంకారశాస్త్రం చదివినవారు నవ్వుకుంటారు: అక్షరాలు అవే అయి అర్థం వేరైతే యమకమనీ, రూపాలు వేరై అర్థం ఒకటే అన్న భ్రాంతి కలిగిస్తే పునరుక్తవదాభాసమనీ పెద్దలు పేర్లు పెట్టారు. పునరుక్తి దోషమే, కాని పునరుక్తిలా కనిపించేదంతా దోషం కాదని చెప్పడానికి వాళ్ళకు ఒక అలంకారమే అవసరమైంది.

ఈ పని మర్యాదగా చేయడం అసాధ్యమా? మా ఊరి గేటు దాటితే చాలు, ఉదాహరణ ఉంది. 1972లో స్థాపితమైన ఇక్రిశాట్ పటాన్‌చెరులోనే ఉంది. దాని విత్తన నిధిలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాలు అన్నీ కలిపి 1,20,000కు పైగా నమూనాలు ఉన్నాయి. ప్రతి నమూనాకూ ఒక సంఖ్య, జొన్నకు ఐ.ఎస్. అన్న అక్షరాలతో, శనగకు ఐ.సి.సి. అన్న అక్షరాలతో, కందికి ఐ.సి.పి. అన్న అక్షరాలతో. విత్తన నిధుల పద్ధతిలో ఒకసారి ఇచ్చిన సంఖ్యను మరొక నమూనాకు ఎన్నడూ ఇవ్వరాదు. సంఖ్యకు తోడు ఆ విత్తనం ఏ ఊళ్ళో, ఎప్పుడు, ఎవరు సేకరించారు, ఎవరి చేతులు మారి వచ్చింది అన్న జాతకం ఉంటుంది. వాళ్ళకూ పునరుక్తి పెద్ద తలనొప్పే. 1960లలో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ వారు మన దేశంలో పోగుచేసిన జొన్నల సేకరణ నుంచే ఆ ఐ.ఎస్. సంఖ్యలు వచ్చాయి. విత్తనం ఒక సంస్థనుంచి ఇంకొక సంస్థకు, అక్కడినుంచి మరొక దేశానికి తిరిగి, వేరే పేరుతో ఇంటికే చేరడం ఈ రంగంలో మామూలే.

మరి ఏం చేస్తారు? "పచ్చజొన్న" అన్న పేరు రెండుచోట్ల కనబడిందని ఒక పొట్లం పారేయరు. ఒక పేరుతో రెండు ఊళ్ళ రైతులు వేర్వేరు విత్తనం దాచుకుంటారని వారికి తెలుసు. ముందు జాతకాలు పోల్చి, ఇవి నకళ్ళు కావచ్చునని అనుమానం మాత్రం వ్రాసుకుంటారు. తర్వాత రెంటినీ పక్కపక్క సాళ్ళలో విత్తి, పూత ఎప్పుడు వచ్చింది, కంకి ఎలా ఉంది, గింజ రంగేమిటి చూస్తారు. ఇప్పుడు డి.ఎన్.ఏ. పరీక్ష కూడా ఉంది. ఒక పంటకాలం పడుతుంది. పడనీ. విత్తనం ఒకసారి పోతే మళ్ళీ రాదని తెలిసినవాడికి తొందర ఉండదు. పైగా వారి భాషలో నకలు అన్న మాటకు ఇంకొక అర్థం కూడా ఉంది, కావాలని దాచుకునే రక్షణ నకలు. 2008లో నార్వే దేశపు స్వాల్‌బార్డ్‌లో మంచుకొండ లోపల తెరిచిన విత్తన భాండాగారానికి పటాన్‌చెరునుంచి వెళ్ళిన పొట్లాలు అటువంటివే. ఒకచోట తొలగించవలసిన నకలు, ఇంకొకచోట ప్రాణంతో సమానమైన నకలు. ఏది ఏదో తెలియాలంటే అది ఎందుకు రెండుసార్లు ఉన్నదో తెలియాలి. గుప్పెడు జొన్నలకు ఇచ్చిన ఈ గౌరవం, అదే రోడ్డు మీద షేరు ఆటో ఎక్కి పనికి వెళ్ళే మనిషికి ఇవ్వమని అడగడం అత్యాశా?

2025 జూన్ 30 ఉదయం పాశమైలారంలో సిగాచి కర్మాగారంలో జరిగిన పేలుడు మీరంతా చదివే ఉంటారు. 50 మందికి పైగా పోయారు. ఎక్కువమంది దూరదేశాలనుంచి వచ్చిన కూలీలు. ఆ సమయంలో లోపల ఎంతమంది ఉన్నారన్న అంకె మొదటి రోజులలో చెప్పేవారినిబట్టి మారుతూ వచ్చింది. గుర్తుపట్టరానివిగా ఉన్న దేహాలను బంధువుల రక్తంతో పోల్చి డి.ఎన్.ఏ. పరీక్షల ద్వారా అప్పగించారు. ఎనిమిది మంది ఆనవాళ్ళే దొరకలేదు. ఆ కర్మాగారపు రిజిస్టర్ల గురించి నేను ఏమీ అనడం లేదు, వాటిని నేను చూడలేదు. నేను అడిగేది ఇది: దేహం దొరకనప్పుడు ఒక మనిషి ఆ ఉదయం అక్కడ ఉన్నాడని చెప్పగలిగేది ఏమిటి? హాజరుపట్టీలో ఒక అడ్డువరుస. పాశమైలారం, బొల్లారం, ఇస్నాపూరు, జిన్నారం మొత్తంమీద ఈ రోజు ఎన్ని పట్టికలలో ఎన్ని అడ్డువరుసలు "నకలు" అన్న పేరుతో పోతున్నాయో తలచుకుంటే నాకు భయం వేస్తుంది.

ఇక అవతలివారి వాదం. దొంగ పేర్లు లేవా? ఉన్నాయి. లేని కూలీలను చూపించి బిల్లులు పెట్టిన కాంట్రాక్టర్లను నేను ఎరుగుదును. ఒకే మనిషికి రెండు భవిష్యనిధి నెంబర్లు ఉండి, సొంత డబ్బు తీసుకోలేక తిరిగేవారు ఉన్నారు. వాళ్ళ వరుసలు కలపకపోవడమే వాళ్ళకు అన్యాయం. కాడ్ మహాశయుడు 1970లో పట్టికల శాస్త్రానికి పునాది వేసినప్పుడు పట్టికలో ఒకే వరుస రెండుసార్లు ఉండరాదని అన్నాడు, ఆ మాటా నాకు తెలుసు. కాని ఆయన ఆ మాట, ప్రతి వరుసనూ వేరుచేసి చూపే కీలకం ఒకటి పట్టికలో ఉందన్న నియమం మీద అన్నాడు. కీలకాన్ని చించి అవతల పారేసి, మిగిలిన వర్ణనలు కలిశాయని మనిషిని కొట్టివేయమని ఆయన ఎక్కడా చెప్పలేదు. గేటు పాసు నెంబరు తీసేసిన సలహాదారు కాడ్ పేరే నాకు అప్పగించాడు మరి!

దొంగను పట్టుకోవడానికి కూడా తొలగింపు పనికిరాదు. దొంగ పేరు పెట్టిన కాంట్రాక్టరుకు ఆ వరుస మాయం కావడం వరం, సాక్ష్యం పోతుంది. వరుసను ఉంచి, పక్కన ఇంకొక నిలువువరుస పెట్టి "ఇది ఫలానా వరుసను పోలి ఉన్నది" అని వ్రాస్తే, దొంగా దొరుకుతాడు, దొర బతుకుతాడు. నేను చేసే పని ఇంతే. మూలపు పట్టికను ముట్టుకోను. ఖాళీలు నింపితే ఏ గడి నింపినదో గుర్తు పెడతాను. కలపవలసినవి కలిపినా పాత వరుసలను వేరే ఫైలులో, కారణంతో, తేదీతో దాస్తాను. చెప్పలేనివాటిని అచ్చువేసి సూపర్‌వైజరు చేతికి ఇచ్చి, పాళీ మారే వేళ గేటు దగ్గర అడగమంటాను. మొన్న ఒక నెలలో అలా ఇచ్చిన కాగితం ఒకటిన్నర పుట. అడగడానికి పట్టిన సమయం ఒక సాయంత్రం.

ఆ సాయంత్రానికి డబ్బు ఎవరిస్తారని అడుగుతున్నారు. ప్రతి సమావేశంలోనూ ఆఖరి ప్రశ్న ఇదే. సాఫ్టువేరుకు ఏడాదికి చెల్లించే లైసెన్సు రుసుము ఎవరిస్తున్నారో వారే ఇవ్వాలని నేను ప్రతి సమావేశంలోనూ జవాబు చెబుతున్నాను. ఇంతవరకు దీన్ని మినిట్సు పుస్తకంలో ఎవరూ వ్రాసుకోలేదు. ఈ మధ్య ఒకాయన మాత్రం, "మీరు ఇదే మాట పోయినసారి కూడా చెప్పారు గదా, మళ్ళీ వ్రాయడం దేనికి" అన్నాడు.